చైనా సంప్రదాయ వైద్యంలో అక్రోటు, బాదం వంటి పప్పులను దేనికి వాడతారు? మా అమ్మకు దగ్గు, మలబద్ధకం ఉన్నాయి, ఇవ్వవచ్చా?

ముందు బాదం సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను పొరబడింది అక్కడే. ఉద్యోగరీత్యా నాన్‌జింగ్‌లో ఉన్న రోజుల్లో ఒక చలికాలం పొడిదగ్గు పట్టుకుని వదలకపోతే, పక్కింటి పెద్దావిడ బేరిపండు ముక్కల్లో ‘షింగ్ రెన్’ వేసి ఉడికించుకుని తాగమన్నారు. అవి చిన్న బాదంపప్పుల్లాగే ఉంటాయి, ఇంగ్లీషు అనువాదాల్లోనూ తరచుగా బాదమనే రాస్తారు. అందుకని మూలికల దుకాణంలో పొట్లం కట్టిస్తుండగానే నాలుగు నోట్లో వేసుకోబోయాను. దుకాణదారు కంగారుగా వారించాడు.

అది ఆప్రికాట్ టెంకలోని పప్పు. హైదరాబాదులో ఖుబానీ కా మీఠా మీద వేసే పప్పు కూడా ఆ పండుదే, కాకపోతే అది తీపి రకం. దగ్గుకూ ఆయాసానికీ చైనా వైద్యులు ముఖ్యంగా రాసేది చేదు రకాన్ని. అందులోని అమిగ్డలిన్ అనే పదార్థం నుంచి సైనైడ్ విషం పుడుతుంది కనుక రోజుకు 5 నుంచి 10 గ్రాములు మాత్రమే తూచి, కషాయంలో మరిగించి ఇస్తారు. నాకు ఆయన చివరికి ఇచ్చింది తీపి రకమే. దగ్గు తగ్గింది గానీ ఆ ఘనతంతా పప్పుకే కట్టబెట్టను; వేడి బేరిపండు రసం గొంతుకు ఎలాగూ హాయినిస్తుంది.

అక్రోటుతో ఇంత భయం లేదు. దాన్ని వేడి చేసే వస్తువుగా లెక్కిస్తారు. పీల్చిన గాలిని కిందికి దించి పట్టి ఉంచే పని మూత్రపిండాలదని వారి సిద్ధాంతం. అందువల్ల మూత్రపిండాలకు బలమిచ్చేదిగా భావించే ఈ పప్పే వృద్ధుల ఆయాసానికీ, నడుము నొప్పికీ మందయింది. నడుము నొప్పికి ఇచ్చే ‘చింగ్ ఎ వాన్’ అనే మాత్రల్లో అక్రోటుతోపాటు మన ఆయుర్వేదానికీ తెలిసిన బావంచాలు ఉంటాయి. ఆయాసానికైతే పప్పును పైపొరతోనే వాడాలని, మలబద్ధకానికైతే పొర తీయాలని అక్కడ ఒక పట్టింపు. పచ్చటి కఫం పడే దగ్గుకు, విరేచనాలవుతున్నవారికి మాత్రం దీన్ని ఇవ్వరు.

గింకో అనే చెట్టు గింజలను కూడా దగ్గు, ఆయాసాలకు వాడతారు, కానీ వాటి జోలికి పోకండి. వాటిలోని విషం విటమిన్ బి6 పనిని అడ్డుకుని, ముఖ్యంగా పిల్లల్లో, మూర్ఛ తెప్పించగలదు. వండినా ఆ విషం పూర్తిగా పోదు.

మీ అమ్మగారికి అక్రోటు పడుతుందనుకుంటే మలబద్ధకానికి రోజుకు రెండు కాయల పప్పు ఇచ్చి చూడండి. దగ్గును మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.