వెంటిలేటర్ తర్వాత శ్వాసనాళం మళ్లీ మళ్లీ ఇరుకైతే

ఇరుకైన మీ తమ్ముడి శ్వాసనాళానికి బదులు స్టెమ్ సెల్స్‌తో చేసిన కొత్త నాళం పెట్టించొచ్చా అని అడిగారు. బెలూన్‌తో వెడల్పు చేసిన ప్రతిసారీ మళ్లీ మూసుకుపోతోందంటే, చాలావరకు కారణం వెంటిలేటర్ ట్యూబు చివరి గాలి బుడగే. అది నాళం గోడను గట్టిగా నొక్కితే అక్కడ రక్తప్రసరణ ఆగి, పుండుపడి, మచ్చ కడుతుంది. సాగదీసినా మచ్చ మచ్చే.

మీరడిగిన 'స్టెమ్ సెల్ నాళం' ఆశ వదిలేయండి. 2011 నుంచి స్వీడన్‌లో సర్జన్ మకియారినీ రోగి స్టెమ్ సెల్స్ పూసి అమర్చిన ప్లాస్టిక్ నాళాలకు సొంత రక్తప్రసరణ లేదు. అక్కడ పెట్టించుకున్న ముగ్గురూ చనిపోయారు. 2023లో ఆయనకు జైలు శిక్ష పడింది. 2021లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో దాత నాళాన్ని రక్తనాళాలతో సహా అమర్చారు గానీ, అది వేరే దారి లేనివాళ్లకే.

అందరూ వదిలేసేది కొలత.

1. పల్చటి స్లైసులతో మెడ, ఛాతీ సీటీ తీయించండి. రిపోర్టులో 'ఇరుకుగా ఉంది' అంటే చాలదు. ఇరుకు ఎన్ని సెంటీమీటర్లు, స్వరతంతువులకు ఎంత కింద ఉంది, రెండూ రాయించుకోండి.
2. ఆ సీడీతో ఈ ఆపరేషన్లు తరచూ చేసే థొరాసిక్ (ఛాతీ) సర్జన్‌ను కలవండి. పెద్దవాళ్లలో నాళం సుమారు 11 సెం.మీ. దెబ్బతిన్నది సగం లోపైతే ఆ ముక్క తీసేసి చివరలు కలిపి కుట్టే వీలు చాలామందికి ఉంటుంది.
3. కుదరదంటే సిలికాన్ టీ-ట్యూబు, అంటే నాళం మూసుకుపోకుండా లోపల పెట్టే T ఆకారపు గొట్టం. లోహపు స్టెంట్‌కు (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) తొందరపడి ఒప్పుకోకండి, తర్వాత తీయడం నరకం.

ఊపిరి పీల్చేటప్పుడు ఈలలాంటి శబ్దం వస్తుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.