ఇంటికి కెమెరాలున్నాయి, చేతిలో మూడు నెలల ఖర్చు లేదు

ప్రశ్న: మాది హనుమకొండ, నయీంనగర్. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. జీతం 38,000, ఇంటి ఖర్చు 27,000. మేడారం జాతరకు పోయి వచ్చేసరికి మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. ఆ భయంతో ఒక సెక్యూరిటీ కంపెనీ నుంచి ఆరు కెమెరాలు, తలుపు సెన్సర్లు, సైరన్ కలిపి 86,400కు తీసుకున్నాం. 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 3,600. మొదటిరోజే టెక్నీషియన్ అడిగితే ఓటీపీ చెప్పాను. బిగించింది నాలుగు కెమెరాలే, సెన్సర్లు మోగవు. మానిటరింగ్‌కు నెలకు 899 అన్నారు, కార్డులో 1,061 కట్ అవుతోంది. ఏడు నెలలుగా ‘మనిషిని పంపిస్తాం’ అంటున్నారు. ఈలోపు బాబుకు డెంగీ వస్తే లోన్ యాప్‌లో 30,000 తీసుకున్నా. దాని కిస్తీ కోసం ఇంకో యాప్‌లో 12,000. ఖాతా ఖాళీగా ఉంచితే ఈఎంఐ ఆగుతుందని మిత్రుడు అంటున్నాడు. లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకుని అన్నీ తీర్చేసి, వేరే కంపెనీ కెమెరాలు పెట్టించుకోనా? లక్ష రూపాయల చిట్టీ ఒకటి ఉంది. నెలకు 5,000 చొప్పున 20 నెలలకు 14 కట్టాను. పోయిన నెల పాట 8,000కు పోయింది.

జవాబు: పర్సనల్ లోన్ వద్దు. వేరే కంపెనీ కెమెరాలు అసలే వద్దు. మీ మిత్రుడి మాట అన్నిటికంటే ప్రమాదం.

కంపెనీ వేరు, మీకు అప్పిచ్చిన ఫైనాన్స్ సంస్థ వేరు. మీలా రాసేవాళ్లలో చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుంటారు. పని పూర్తయిందని మీరు ఓటీపీ చెప్పిన రోజే కంపెనీ చేతికి డబ్బు వెళ్లిపోయింది. ఇప్పుడు ఈఎంఐ ఆపితే నష్టపోయేది కంపెనీ కాదు, మీ సిబిల్ స్కోరు. పైగా ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి వెళ్తే చెక్కు బౌన్సయినట్టే నేరం. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. అందుకే 3,600 కడుతూనే కొట్లాడండి.

మానిటరింగ్ సంగతి వేరు. 899కి 18 శాతం జీఎస్టీ కలిపితే 1,061. లెక్క సరిగానే ఉంది, ఆ ముక్క మీకు ముందు చెప్పకపోవడం తప్పు. మోగని సెన్సర్లకు మానిటరింగ్ ఏమిటని కంపెనీకి రాతపూర్వకంగా అడిగి, కార్డుకు ఇచ్చిన ఆటో పేమెంట్ అనుమతిని బ్యాంకులో రద్దు చేయించండి.

ఇక ఫోన్లు చాలు. ఏమేం ఇస్తామన్నారు, ఏమేం బిగించలేదు అన్నది ఫొటోలతో సహా కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అదే ఉత్తరం నకలు ఫైనాన్స్ సంస్థకూ పంపండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఫైనాన్స్ సంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయానికి వస్తాను. మీ ఇంటి మూడు నెలల ఖర్చు 81,000. కెమెరాలకు ఒప్పుకున్నది 86,400. ఆ డబ్బు ముందే పక్కన ఉండి ఉంటే బాబును ఆస్పత్రిలో చేర్చిన రాత్రి మీరు లోన్ యాప్ తెరిచేవారు కాదు. దొంగ మీ ఇంటికి వస్తాడో రాడో తెలియదు. జ్వరం వస్తుంది, జీతం ఆగుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు జీతాలు ఆపడం మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. అలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మూడు నెలల నిధి కూడా తక్కువే, ఆరు నెలలది కావాలి. ఆ నిధి లేకుండా 24 నెలల కిస్తీకి సంతకం పెట్టకూడదు, వడ్డీ లేకపోయినా సరే.

యాప్‌లో అప్పు, ఆ అప్పు కిస్తీకి ఇంకో యాప్! దయచేసి ఆ రెండూ ఫోన్‌లోంచి పోవాలి. దారి మీ చేతిలోనే ఉంది, చిట్టీ. ఈ నెల పాడండి. పోయిన నెల ధరకే వచ్చినా 92,000 అందుతుంది. అందులో 42,000తో రెండు యాప్‌ల అప్పూ తీర్చి, బాకీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. మిగిలిన 50,000 ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో వేయండి, మీ ఆవిడ పేరున అయితే ఇంకా మంచిది. దాంతో ఈఎంఐ అప్పు ముందే తీర్చేద్దామనిపిస్తుంది, ఆ పని చేయకండి. వడ్డీ లేని అప్పు అది, ఆపైన వివాదంలో ఉన్నది. మానిటరింగ్‌లో మిగిలే 1,061 కూడా ఆ ఖాతాకే. ఆరు నెలల్లో చిట్టీ అయిపోయాక ఆ 5,000 కూడా కలిపితే మరో ఐదు నెలల్లో 81,000 దాటుతారు. అక్కడ ఆగకండి.

బంగారం గురించి భయమైతే ఊరెళ్లేటప్పుడు లాకర్‌లో పెట్టండి. కుటుంబానికి ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు, లేకపోతే అది ఈ ఏడాదే.

చిట్టీ ఎత్తాలంటే ష్యూరిటీలు అడుగుతారు. పాట తేదీ ఇవాళే కనుక్కుని, సంతకం పెట్టే ఇద్దరు తోటి లెక్చరర్లతో ముందే మాట్లాడి ఉంచండి.