ఎంబెడెడ్ ప్రశ్నకు ట్యాగులు ఎలా ఎంచుకోవాలి?

మీరు ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు ఐ2సీ (చిప్‌లు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) మీద ఎంపీయూ6050 అనే కదలికల సెన్సర్ కలిపారు, అది పలకడం లేదు. ఆ సమస్యను ప్రశ్నోత్తరాల సైటులో సీ, సీ++, ఎంబెడెడ్ (పరికరాల్లో ఇమిడే చిప్‌ల ప్రోగ్రామింగ్), ఆర్డుయినో, సెన్సర్ అనే ఐదు ట్యాగులతో అడిగితే ఎవరూ స్పందించలేదని, ట్యాగులు ఎలా ఎంచుకోవాలో చెప్పమని రాశారు.

ఇలాంటి ప్రశ్నలకు జవాబులు రాయడం నాకు చాలాకాలంగా అలవాటు. వచ్చిన ప్రతి ప్రశ్ననూ చదవడం ఎవరి వల్లా కాదు. ఎస్‌టీఎం32, ఇంటరప్టులు (నడుస్తున్న పనిని ఆపి చిప్‌ను పిలిచే సంకేతాలు), ఫ్రీఆర్‌టీఓఎస్ (చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్) ట్యాగులు ఉన్నవే నేను తెరుస్తాను. జవాబు తెలిసినవారు చాలామంది చదివే తీరు ఇదే. అందుకే ట్యాగు పెట్టే ముందు, నా దగ్గర ఏ సామాను ఉంది అనే ఆలోచన పక్కన పెట్టండి. ఈ లోపాన్ని చూడగానే ఎవరు పట్టుకోగలరు అని ఆలోచించండి.

అది తేల్చుకోవడానికి నేను ఒక పద్ధతి పాటిస్తాను. ప్రశ్నలోని ఒక్కొక్క భాగాన్నీ మనసులోనే మార్చి చూస్తాను: ఇది మారితే సమస్య పోతుందా? పోయేటట్లుంటే దాని పేరు ట్యాగుగా ఉండాలి. పోకపోతే అక్కర్లేదు.

మీ కోడునే తీసుకుందాం. సెన్సర్ డేటాషీటులో చిరునామా హెక్సాలో 68 అని ఉంది, మీరు దాన్ని యథాతథంగా హాల్ (ఎస్‌టీఎం32 తయారీదారు ఇచ్చే హార్డ్‌వేర్ లైబ్రరీ) ఫంక్షన్‌కు ఇచ్చారు. అది ఏడు బిట్ల చిరునామా. ఎస్‌టీఎం32 హాల్ మాత్రం దాన్ని ఒక బిట్ ఎడమకు జరిపి ఇవ్వమంటుంది, అంటే డి0 అని ఇవ్వాలి. ఆర్డుయినో వైర్ లైబ్రరీకైతే 68 అని ఇస్తే సరిపోతుంది, జరిపే పని అదే చూసుకుంటుంది. ఇప్పుడు మీ ట్యాగులు ఎవరిని పిలిచాయో చూడండి. ఆర్డుయినో మీద ఈ సెన్సర్ వాడినవారు వచ్చి, చిరునామా సరిగ్గానే ఉందనుకుని వెళ్లిపోతారు. హాల్ తెలిసినవారు ఆ వరుస చూడగానే పట్టేసేవారు, కానీ ప్రశ్న వారి కంటపడనే లేదు. సెన్సర్ మార్చినా ఇదే గొడవ వస్తుంది, హాల్ మారిస్తే పోతుంది. కాబట్టి మీకు కావలసినవి ఎస్‌టీఎం32, హాల్, ఐ2సీ, సీ. నాలుగు చాలు. ఐదో గడి ఖాళీగా ఉంటే నష్టమేమీ లేదు.

ఆర్డుయినో ట్యాగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ తికమక అక్కడే. ఎస్‌టీఎం32 బోర్డునైనా ఆర్డుయినో లైబ్రరీలతో ప్రోగ్రామ్ చేస్తుంటే ఆ ట్యాగు సరైనదే. ఊనో ఆర్3 అనే ఆర్డుయినో బోర్డు చేతిలో ఉన్నా, ఆ లైబ్రరీలు లేకుండా నేరుగా చిప్ రిజిస్టర్లతో పని చేస్తుంటే ఏవీఆర్ (అందులోని చిప్ కుటుంబం పేరు) అని పెట్టడం మేలు. ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌పై ఇంట్ అనే పూర్ణాంక రకం 16 బిట్లే. 1000ని 60తో గుణిస్తే అక్కడ మామూలుగా కనిపించేది -5536. ఇంట్ 32 బిట్లుండే ఈఎస్‌పీ32 చిప్ మీద అదే వరుస 60000 ఇస్తుంది. ఆర్డుయినో అని మాత్రమే రాస్తే, ఈ రెండు చిప్‌లలో మీది ఏదో చదివేవారికి ఎలా తెలుస్తుంది? రాస్ప్‌బెరీ పై కూడా అంతే. రాస్ప్‌బెరీ పై 4 మీద లినక్స్ నడుస్తుంది. 2021లో వచ్చిన రాస్ప్‌బెరీ పై పికోలో ఉన్నది ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్, దానిపై మామూలుగా ఆపరేటింగ్ సిస్టమే ఉండదు.

సీ, సీ++ రెండూ కలిపి పెట్టకండి. మీ ఫైలును ఏ కంపైలర్ ఏ భాషగా చదువుతోందో అదే రాయండి. ఆర్డుయినో స్కెచ్ సీలా కనిపించినా కంపైల్ అయ్యేది సీ++గానే.

కోర్ (చిప్‌లోని ప్రాసెసర్) పేరు మాత్రం అవసరమైనప్పుడే రాయండి. అలైన్‌మెంట్ తప్పిన, అంటే నాలుగుతో భాగించబడని చిరునామా నుంచి 32 బిట్ల విలువ చదివితే కార్టెక్స్-ఎం0 కోర్ వెంటనే హార్డ్‌ఫాల్ట్ అనే లోప స్థితిలోకి వెళ్తుంది, ఎం4 చాలా సందర్భాల్లో సర్దుకుపోతుంది. అలాంటి ప్రశ్నకు కార్టెక్స్-ఎం అనే ట్యాగు ప్రాణం. ఎల్‌ఈడీ వెలగడం లేదన్న ప్రశ్నకు దానితో పని లేదు. కంపైలర్‌దీ అదే దారి. ఇంటరప్ట్‌లో మారే ఫ్లాగ్‌ను మెయిన్ లూప్ గమనించడం లేదు, ఆప్టిమైజేషన్ ఆపేస్తే మాత్రం అంతా బాగుంటుంది అనుకోండి. అప్పుడు బోర్డు పేరు కంటే వొలటైల్ (విలువ ఎప్పుడైనా మారవచ్చని కంపైలర్‌కు చెప్పే మాట), ఇంటరప్ట్, జీసీసీ (కంపైలర్ పేరు) అన్నవే ముఖ్యం. వాటిని చూసినవారికి, ఆ ఫ్లాగ్‌ను వొలటైల్‌గా ప్రకటించారా అన్న అనుమానం ముందే వస్తుంది.

ఎంబెడెడ్ అనే ట్యాగు తప్పేమీ కాదు, కానీ దాన్ని ఒంటరిగా వదలకండి. ప్రోగ్రామింగ్, ఎర్రర్, హెల్ప్ లాంటి మాటలు అసలే వద్దు, ఆ పేర్లతో నిపుణులెవరూ ఉండరు.

ఒక్కోసారి కారణం అనుకున్నచోట కాకుండా మరోచోట దొరుకుతుంది. హాల్ అనుకున్నది చివరికి లింకర్ స్క్రిప్టులో (కోడు, డేటా మెమరీలో ఎక్కడ ఉండాలో చెప్పే ఫైలు) తేలవచ్చు. అప్పుడు ప్రశ్నను సవరించి, హాల్ తీసేసి లింకర్ స్క్రిప్ట్ అని పెట్టండి. ఇదే చిక్కులో పడి వెతికేవారికి మీ ప్రశ్న, దాని జవాబు అప్పుడే దొరుకుతాయి.