వారసుడే, కానీ పాతికేళ్లు పనిచేశాకే పగ్గాలు

ప్రశ్న: మాది మూడు తరాల ధాన్యం వ్యాపారం. అమెరికాలో కార్గిల్ కంపెనీని ఆ కుటుంబం నుంచి చివరిగా నడిపిన విట్నీ మెక్‌మిలన్‌కి వారసుడు కాబట్టే ఆ పదవి దక్కిందా? ఆయన తర్వాత బయటివాళ్లకి ఎందుకిచ్చారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆ ఇంట్లో పుట్టకపోతే దక్కేది కాదేమో, అందులో దాచడానికేం లేదు. 1865లో అయోవా రాష్ట్రంలోని కోనోవర్‌లో ఒక్క ధాన్యం గిడ్డంగితో కంపెనీ మొదలుపెట్టిన విలియం వాలెస్ కార్గిల్‌కి ఈయన మునిమనవడు. కాకపోతే 1951లో యేల్ యూనివర్సిటీలో చదువు ముగించి చేరితే పగ్గాలు చేతికొచ్చింది 1976లో, ఈ మధ్యలో ఫిలిప్పీన్స్ వెళ్లి ఎండుకొబ్బరి వ్యాపారం కూడా చూశారు.

అంత ఆగడానికి ఆ ఇంటికి కారణం ఉంది. పెద్దాయన కొడుకు మోంటానాలో నీటిపారుదల ప్రాజెక్టు మీద విపరీతంగా డబ్బు పోశారు, 1909లో తండ్రి పోయేసరికి అప్పులవాళ్లు మీదపడ్డారు, అప్పుడు కంపెనీని నిలబెట్టింది అల్లుడు జాన్ మెక్‌మిలన్. ఆయన మనవడే విట్నీ. 1960లో కంపెనీ పెద్దగా ఉన్న ఆ అల్లుడి కొడుకు చనిపోతే, కుటుంబంతో సంబంధం లేని ఎర్విన్ కెల్మ్‌కి బాధ్యత ఇచ్చారు. కాబట్టి 1995లో విట్నీ తప్పుకుని ఎర్నెస్ట్ మైసెక్‌కి అప్పగించడం వాళ్లకి కొత్తేం కాదు. నడిపేది ఎవరైనా వాటాలు చాలావరకు ఇంటివాళ్లవే. బంధువుల్లో కొందరికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు కూడా షేర్ మార్కెట్‌కి వెళ్లకుండా, 90ల మొదట్లో దాదాపు 17 శాతం ఉద్యోగులకే దక్కేలా చేశారు. విట్నీ చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

నచ్చనిదీ చెప్పాలి. 1992 డిసెంబరులో కర్ణాటక రైతు సంఘం వాళ్లు బెంగళూరులోని కార్గిల్ విత్తనాల ఆఫీసులో కాగితాలు తగలబెట్టారు, 1993 జులైలో బళ్లారిలో కడుతున్న విత్తన కేంద్రాన్ని పడగొట్టారు, బళ్లారి అంటే మన అనంతపురం పక్కనే. పడగొట్టడం తప్పే, కానీ విత్తనం మీద రైతుకి హక్కు పోతుందన్న వాళ్ల భయం ఉత్తిది కాదు. దేశాల మధ్య వాణిజ్య ఒప్పందమైన గాట్ చర్చల్లో వ్యవసాయం విషయంలో అమెరికా తరఫున మాట్లాడిన డేనియల్ ఆమ్‌స్టట్జ్ అంతకుముందు కార్గిల్‌లో పెద్ద అధికారి! ఇదంతా విట్నీ హయాంలోనే, ఆయన కథ చెప్పేటప్పుడు చాలామంది దీన్ని వదిలేస్తారు.

ఇక మీ ఇంటి సంగతి అడిగినట్టే అనిపించింది కాబట్టి ఒక మాట. మీ పిల్లల్లో ఎవరైనా వ్యాపారంలోకి వస్తానంటే ముందు కొన్నేళ్లు కాటా దగ్గర, కొనుగోళ్ల దగ్గర ఉండనివ్వండి, వాటాల సంగతి మాత్రం ఇప్పుడే కాగితం మీద రాసుకోండి.