రక్తం వస్తోందని పళ్ల సందులు శుభ్రం చేయడం మానాలా?

ప్రశ్న: నా వయసు 42 సంవత్సరాలు. రోజూ రెండు పూటలా పళ్లు తోముకుంటాను. అయినా చిగుళ్లు కాస్త ఉబ్బి ఉన్నాయని, పళ్ల సందులు కూడా శుభ్రం చేసుకోవాలని దంతవైద్యులు చెప్పారు. ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నని దారం) వాడితే రక్తం కనిపించడంతో భయపడి మానేశాను. సందులు పెద్దవవుతాయని ఇంట్లోవాళ్లు కూడా వద్దంటున్నారు. నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మానకండి. రెండు పళ్లు ఆనుకొని ఉండే పక్కభాగాల్లోకి బ్రష్ కుచ్చు సరిగా చేరదు కనుక అక్కడ పాచి పేరుకుపోతుంది, దానిలోని బ్యాక్టీరియా వల్ల చిగురు వాస్తుంది, వాచిన చిగురు కొద్దిగా తగిలినా రక్తం కారుతుంది. 1965లో డెన్మార్క్‌లో దంత పరిశోధకుడు హరాల్డ్ లోయె (Harald Löe) బృందం జరిపిన ప్రయోగంలో, చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నవారు పళ్లు శుభ్రం చేసుకోవడం మానేయగా మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది; తిరిగి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక తగ్గిపోయింది. మీకూ రోజుకొకసారి జాగ్రత్తగా చేస్తే ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గే అవకాశం ఎక్కువ.

అయితే చేసే తీరు ముఖ్యం. దారాన్ని సందులోకి ఒక్కసారిగా దించితే చిగురు కోసుకుపోతుంది. సుమారు 45 సెంటీమీటర్ల ఫ్లాస్ తీసుకొని రెండు మధ్యవేళ్లకు చుట్టి, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు బిగువుగా పట్టుకొని, అటూ ఇటూ మెల్లగా కదుపుతూ దించాలి. ఆ తరువాత ఒక పంటిని హత్తుకునేలా వంచి, చిగురు అంచుకు కాస్త లోపలి నుంచి పంటి కొస వైపుకు రుద్ది, పక్క పంటికీ అలాగే చేయాలి. చాలామంది ఒక పంటితోనే సరిపెట్టేస్తారు. దారం ఒకేచోట మాటిమాటికీ పీచులేస్తుంటే అక్కడ పిప్పి గానీ, ఫిల్లింగ్ అంచు గానీ ఉందేమో చూపించుకోవాలి.

ఫ్లాస్ వల్ల సందులు పెరగవు. వాపు తగ్గినా, గార తొలగినా అప్పటిదాకా కప్పబడి ఉన్న ఖాళీ బయటపడుతుంది, అంతే. సందు వెడల్పుగా ఉన్నచోట ఫ్లాస్ కన్నా ఇంటర్‌డెంటల్ బ్రష్ (పళ్ల సందుల్లోకి దూరే సన్నని చిన్న బ్రష్) బాగా పనిచేస్తుంది. బలవంతం లేకుండా దూరి, రెండువైపులా తగిలే సైజును దంతవైద్యుల చేత ఎంపిక చేయించుకోండి. సందును బట్టి ఒకరికే రెండు మూడు సైజులు అవసరం కావచ్చు. టూత్‌పిక్ ఇరుక్కున్న మెతుకును తీస్తుందే తప్ప వీటికి బదులు కాదు.

గట్టిపడిన గార మాత్రం ఇంట్లో పోదు, దంతవైద్యుల దగ్గర స్కేలింగ్ (పరికరాలతో గార తీయడం) చేయించుకోవలసిందే. రెండు వారాల తరువాత కూడా రక్తం వస్తున్నా, చీము కనిపించినా, పళ్లు కదులుతున్నా ఆలస్యం చేయవద్దు, ఎందుకంటే వాపు ఎముక దాకా పాకితే ఆ ఎముక తిరిగి మామూలుగా పెరగదు. మధుమేహం ఉంటే ఈ విషయంలో మరింత తొందరపడాలి. పొగ తాగేవారిలో చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా రావడం వల్ల జబ్బు ముదిరినా పైకి తెలియకపోవచ్చు కనుక, అలాంటివారు రక్తం కనిపించేదాకా ఆగకుండా పరీక్ష చేయించుకోవాలి.