శ్రుతి పెట్టె తీసుకెళ్లు, మాట్లాడేటప్పుడు మాత్రం పక్కన పెట్టు

చి. లాస్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

చైనాలో ఎంబీబీఎస్ చదవడానికి వెళ్తున్నావు; క్లాసులు ఇంగ్లీషులోనే కదా, చైనీస్ సంగతి తర్వాత చూసుకుందాంలే అన్నావట, మీ అమ్మ చెప్పింది. రేపు వార్డులో మంచం మీదున్న ముసలావిడ నీతో ఇంగ్లీషులో మాట్లాడదమ్మా. మొదటి వారంలోనే మొదలుపెట్టు. చైనీస్‌లో ఒకే అక్షరం గొంతు ఎత్తుపల్లాలను బట్టి వేర్వేరు మాటలవుతుంది; ఆ ఎత్తుపల్లాన్నే టోన్ అంటారు. పదేళ్లు పాట నేర్చుకున్నావు, దానికి నీ చెవి ఇప్పటికే సిద్ధంగా ఉంది.

ఇది ముద్దుకొద్దీ అంటున్న మాట కాదు. 2007లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు చైనీస్ బొత్తిగా రానివాళ్లకు ‘మి’ అనే ఒక్క అక్షరాన్ని మూడు టోన్లలో వినిపించారు. కళ్లముందు సినిమా నడుస్తుంటే చెవిలో ఆ శబ్దం వస్తూ ఉంటుంది. మెదడు కాండంలో, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే అడుగుభాగంలో, పుట్టే స్పందనను తలకు అంటించిన ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి. శబ్దం ఎక్కితే స్పందన ఎక్కుతుంది, దిగితే దిగుతుంది. సంగీతం నేర్చినవాళ్లలో అది శబ్దాన్ని మరింత నమ్మకంగా వెన్నంటి నడిచింది. ఎక్కువ ఏళ్లు నేర్చినవాళ్లలో ఇంకా బాగా. ధ్యాస సినిమా మీదున్నా సరే! నువ్వు చలిలో లేచి చేసిన సరళీ, జంట వరుసలు అంత లోతుకు దిగి ఉంటాయని నాకు గట్టి నమ్మకం.

అయితే నీ సంగీతమే నిన్ను ఒకచోట ఇబ్బంది పెడుతుంది. మనకు శ్రుతి కదలకూడదు. చైనీస్‌లో అలాంటి స్థిరమైన శ్రుతి లేదు. ఎవరి గొంతుకు వాళ్ల ఎత్తు, ఎవరి పల్లం వాళ్లదే. 1930లో చావ్ యువెన్‌రెన్ ఈ టోన్లను రాయడానికి ఐదు మెట్ల పద్ధతి పెట్టాడు. ఆయన భాషావేత్తే కాదు, పాటలకు బాణీలు కట్టినవాడు కూడా. ఆ మెట్లు సరిగమలు కావు, మాట్లాడే మనిషి గొంతులోని ఎత్తుపల్లాలే. అందుకే స్వరస్థానం వెతక్కు, జారు విను. మొదటి టోన్ గమకం లేకుండా పైన నిలబడుతుంది. రెండోది మధ్యలోంచి పైకి జారుతుంది. నాలుగోది పైనుంచి ఒక్క విసురుతో కిందికి. మూడోదాన్ని పుస్తకాల్లో కిందికి దిగి మళ్లీ లేచినట్టు గీస్తారు గానీ, మాటల మధ్యలో ఎక్కువగా అది కిందే ఉండిపోతుంది. మూడో టోన్ అక్షరాలు రెండు పక్కపక్కన వస్తే, వాటిలో ముందున్నది రెండో టోన్‌లోకి మారుతుంది. ‘నీ హావ్’ అనే పలకరింపులో జరిగేది అదే. మన సంధి లాంటిదనుకో.

రెండో ఇబ్బంది తెలుగుతో. మనం కోపాన్నీ పట్టుదలనీ గొంతు ఎత్తుదించి చూపిస్తాం. పెదనాన్నగారి ఉద్యోగం బీజింగ్‌లో ఉన్నప్పుడు, ఒకరోజు కూరగాయల అంగట్లో “కొనాలి” అని గట్టిగా చెప్పబోయి చివర గొంతు దించాను. ‘మాయ్’ మూడో టోన్‌లో కొనడం, నాలుగో టోన్‌లో అమ్మడం. ఆ అంగడావిడ అయోమయంగా నా ఖాళీ సంచీ వైపు చూసింది. రెండు మాటలూ వేరని నా చెవికి తెలుసు, నోటికి ఇంకా తెలియలేదు. ప్రశ్న అడిగేటప్పుడు కూడా చివరి మాటను పైకి లాగకు. మనం ‘వచ్చావు’కి ‘ఆ’ చేర్చి ‘వచ్చావా’ అన్నట్టే, వాళ్లు వాక్యం చివర ‘మ’ చేరుస్తారు. ప్రశ్న పని అది చూసుకుంటుంది.

ఇంకొకటి. మాట ముందు, టోన్ తర్వాత అని నేర్చుకోకు. కీర్తనను సాహిత్యం ఒక్కటే బట్టీపట్టి, బాణీ తర్వాత తగిలిస్తామా? మొదటిసారి విన్నప్పుడే రెండూ కలిపి పట్టుకో. రోజుకి పది మాటలు చాలు. విను, అను, రికార్డు చేసి మళ్లీ విను.

ఈ ఆదివారంలోగా ‘కొను’, ‘అమ్ము’ రెండూ పదిసార్లు కలగాపులగంగా పలికి నాకు వాట్సాప్‌లో పంపు. ఏది ఏదో ముందు చెప్పొద్దు. నేను విని చెబుతాను.

మీ పెద్దమ్మ