స్మోకీ కొండల్లో క్యాబిన్: అద్దెకా, కొనుక్కోవడమా?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. ఇండియా నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు, నవంబరు చివరిదాకా ఉంటారు. అక్టోబరు మూడో వారంలో వాళ్లని స్మోకీ మౌంటెన్స్ తీసుకెళ్దామని టెన్నెసీలోని గాట్లిన్‌బర్గ్ పైన కొండమీద ఒక లాగ్ క్యాబిన్ (దుంగల ఇల్లు) చూశాం. రాత్రికి 240 డాలర్లని స్నేహితురాలు చెప్పింది. ఐదు రాత్రులకు బుక్ చేయబోతే సైట్ మొత్తం 1,825 అంటోంది. క్లీనింగ్ 225, సర్వీస్ ఫీజు 195, పన్నులు 205. మావారేమో "ఏటా ఇలా అద్దెలకు పోసే బదులు మనమే ఒక క్యాబిన్ కొని మిగతా రోజులు ఎయిర్‌బీఎన్‌బీలో పెడితే దాని అప్పు అదే తీర్చుకుంటుంది" అంటున్నారు. డౌన్ పేమెంట్‌కి తన రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కె నుంచి 50,000 లోన్ తీస్తారట. ఆయనది హెచ్1బి ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్4 వీసా, పని చేసేందుకు అనుమతి పత్రం (ఈఏడీ) లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, అద్దెకు వెళ్లి రండి. కొనే మాట ఇప్పటికి పక్కన పెట్టండి. 401కె జోలికి మాత్రం అసలు పోవద్దు.

ముందు ఆ 1,825 సంగతి. ఐదు రాత్రులకు పంచితే రాత్రికి 365 పడుతుంది. మీరు పోల్చుకోవాల్సిన అంకె ఇదే, 240 కాదు. ఆరుగురికి హోటల్లో రెండు గదులు కావాలి, మూడు పూటలా బయటి తిండి కావాలి. అత్తయ్యగారికి వంటగది ఉంటే మీ ఖర్చు ఎంత తగ్గుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ లెక్కన 365 అన్యాయమేమీ కాదు. క్లీనింగ్ ఫీజు మూడు రాత్రులున్నా ఐదు రాత్రులున్నా ఒకటే కాబట్టి మూడు రాత్రులైతే రాత్రికి 75 డాలర్లు, ఐదైతే 45. రెండు రోజులకోసం క్యాబిన్ తీసుకునేవాళ్లే ఇందులో ఎక్కువ నష్టపోతారు. పన్ను తప్పదు. టెన్నెసీలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదని మనవాళ్లు మురిసిపోతారు గానీ అమ్మకపు పన్నే 7 శాతం, దానిమీద కౌంటీ వాటా, ఆపైన బస పన్ను.

2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి అమల్లో ఉంది. ఇలాంటి అద్దె బసలకు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే ముందుగా, స్పష్టంగా చూపించాలి. ప్రభుత్వ పన్నులు మాత్రం తర్వాత కలపొచ్చు. ఎవరైనా "రాత్రికి ఇంత" అని ఊరించి చివర్లో క్లీనింగ్ ఫీజు బయటపెడితే అక్కడితో ఆపేయండి.

తగ్గించుకునే దారి ఒకటుంది. అక్టోబరు మూడో వారమంటే ఆకులు రంగు మారే సమయం, అందరూ అప్పుడే వస్తారు. మీ అత్తమామలు నవంబరు చివరిదాకా ఉంటారు కదా, నవంబరు రెండో వారంలో ఆదివారం నుంచి శుక్రవారం దాకా అదే క్యాబిన్‌కి ధర అడిగి చూడండి. పిల్లల బడి ఒప్పుకోకపోతే వేరే మాట. స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి ప్రవేశ రుసుము లేదు గానీ, 2023 మార్చి నుంచి పదిహేను నిమిషాలు దాటి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కావాలి. రోజుకి 5, వారానికి 15, ఏడాదికి 40 డాలర్లు. ట్యాగ్ ఒక కారుకే చెల్లుతుంది, రెండు కార్లలో వెళ్తే రెండు కొనాలి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ధర కాదు, రద్దు షరతులు. కాస్త చవక అని నాన్ రిఫండబుల్ తీసుకోవద్దు. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపాను పిజన్ నది లోయలో ఐ-40 హైవేని కోసేసింది. 2025 మార్చి దాకా ఆ దారి తెరవలేదు, తెరిచినప్పుడు కూడా అటొక లేన్, ఇటొక లేన్. షార్లెట్ నుంచి గాట్లిన్‌బర్గ్‌కి మీరు పోయే దారి అదే. ఇలాంటప్పుడు క్యాబిన్‌కి ఏమీ కాదు, కరెంటుంటుంది, నీళ్లుంటాయి, ఓనరు "మా ఇల్లు సిద్ధంగానే ఉంది" అంటాడు. డబ్బు వాపసు వస్తుందా రాదా అన్నది మీరు ఒప్పుకున్న షరతుల్లోని ఒక వాక్యం మీద ఆధారపడుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే బుక్ చేసిన వెంటనే తీసుకోండి. తుపానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుపానుకి పనికిరాదు. ఊరు మార్చినా అభ్యంతరం లేదనుకుంటే నార్త్ కరోలినా వైపు బ్రైసన్ సిటీ దగ్గర చూడండి. అవే కొండలు, మీకు దగ్గర, ఆ లోయ దాటే పని కూడా ఉండదు.

డబ్బు క్రెడిట్ కార్డు మీదే కట్టండి, నెల తిరిగేలోపు తీర్చేయండి. వాట్సాప్ గ్రూపుల్లో "ఓనర్‌తో డైరెక్ట్‌గా మాట్లాడా, జెల్ చేస్తే ఇరవై శాతం తక్కువ" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జెల్ అంటే బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి, అందులో మీ చేతులతో మీరు పంపిన డబ్బు వెనక్కి రప్పించడం చాలా కష్టం. కార్డయితే బిల్లు మీద అభ్యంతరం చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. చేరిన గంటలోనే గదులు, డెక్, హాట్ టబ్ ఫొటోలు తీసి పెట్టుకోండి, డ్యామేజీ గొడవ వస్తే అవే సాక్ష్యం.

ఇంకో సంగతి, నవ్వకండి. కారులో చిప్స్ ప్యాకెట్ కూడా వదలొద్దు. పార్కులో దాదాపు 1,900 నల్ల ఎలుగుబంట్లున్నాయని అంచనా, కారు తలుపు హ్యాండిల్ లాగి తెరవడం వాటికి వచ్చు. లోపల దూరి సీట్లు చీరేస్తే ఆ నష్టం కారు బీమాలో కొలిజన్ (గుద్దుకున్నప్పటి నష్టం) కిందికి రాదు, కాంప్రిహెన్సివ్ (గుద్దుకోకుండా జరిగే నష్టం) కిందికి వస్తుంది. మీ పాత కారుకి ప్రీమియం తగ్గుతుందని కాంప్రిహెన్సివ్ తీసేయించి ఉంటే వెళ్లేలోపు చూసుకోండి.

ఇక మీవారి ఆలోచన. 401కె లోన్‌లో గరిష్ఠంగా 50,000 లేదా ఖాతాలో పూర్తిగా మీదైపోయిన మొత్తంలో సగం, ఏది తక్కువైతే అది ఇస్తారు. మీరు నివసించే ఇల్లు కొనడానికైతే ఎక్కువ గడువు దొరకొచ్చు. క్యాబిన్‌కి ఆ వెసులుబాటు లేదు, ఐదేళ్లలో తీర్చాలి. అంటే అసలే నెలకు 833 డాలర్లు, వడ్డీ అదనం, మార్ట్‌గేజ్ వేరే. ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి దొరికేది 60 రోజుల వరకే. సరిగ్గా అప్పుడే ఈ లోన్ కూడా మెడమీదికి వస్తుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా మిగిలిన మొత్తం సర్దలేకపోతే అది ఆదాయం కింద లెక్కై పన్ను పడుతుంది, యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకపోతే సాధారణంగా పైన 10 శాతం జరిమానా. కొండమీద చెక్క ఇల్లు రెండు నెలల్లో అమ్ముడుపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

యూట్యూబ్‌లో చెప్పే పన్ను లాభం మీవారు వినే ఉంటారు. అతిథుల సగటు బస ఏడు రోజులు దాటకపోతే, ఆ ఇంటి పని మీరే చేస్తున్నట్టు చూపగలిగితే, ఇంటి తరుగుదల లాంటివి లెక్కేస్తే కాగితం మీద కనిపించే నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవచ్చు. అది నిజమే. కాకపోతే మీరే చేస్తున్నట్టు అంటే ఏడాదికి 500 గంటలో, లేదా 100 దాటి, ఇంకెవరికంటే తక్కువ కాకుండా అన్ని గంటలో పనిచేసినట్టు లెక్క రాసి ఉంచాలి. హెచ్1బి మీద ఉన్న మనిషి తన కంపెనీకి కాకుండా ఇంకో వ్యాపారంలో అన్ని గంటలు పనిచేశానని తానే రాసి పెట్టుకోవడం ఎంత క్షేమమో ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. మీరు చేద్దామంటే మీకు ఈఏడీ లేదు. పని మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగిస్తే వాళ్ల కమిషన్ పోతుంది, పన్ను లాభమూ చేజారుతుంది. పైగా మీరు ఏడాదిలో 14 రోజులు లేదా అద్దెకిచ్చిన రోజుల్లో పదో వంతు, ఏది ఎక్కువైతే అది దాటి ఉన్నారంటే ఖర్చులు చూపించుకోవడానికి పరిమితి పడుతుంది. అలాగని వడ్డీ తగ్గుతుందని బ్యాంకుకి సెకండ్ హోమ్ అని చెప్పి ఏడాదంతా అద్దెకివ్వకండి. అది అబద్ధపు ప్రకటన అవుతుంది.

చెక్క ఇల్లు ఊరికే నిలబడదు. కొన్నేళ్లకోసారి స్టెయిన్ (చెక్కకి పూసే రంగు) వేయాలి, దుంగల మధ్య సందులు పూడ్చాలి, కార్పెంటర్ తేనెటీగలు బొరియలు చేస్తాయి, చెదలుంటాయి, సెప్టిక్ ట్యాంకు, కంకర రోడ్డు ఉంటాయి. 2016 నవంబరు 28 రాత్రి గాట్లిన్‌బర్గ్ చుట్టూ మంటలు వ్యాపించి 14 మంది చనిపోయారు, 2,400కు పైగా కట్టడాలు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. అలాంటి కొండమీది ఇంటికి ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కొటేషన్ చేతికొచ్చాకే మీవారు ఎక్సెల్ షీట్ తెరవాలి. గ్రీన్ కార్డు వచ్చి, ఆరు నెలల ఖర్చులకు డబ్బు విడిగా ఉండి, అప్పటికీ ఆయనకి ఈ మోజు తగ్గకపోతే మళ్లీ రాయండి, నిజమైన అంకెలతో కూర్చుందాం.

ఈలోపు వచ్చే ఏడాదికి నెలకు 200 వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి, పదకొండు నెలల్లో 2,200 అవుతుంది. పెట్రోలు, కిరాణాతో సహా ఈపాటి ట్రిప్పు వచ్చేస్తుంది.

బుక్ చేసేముందు ఓనర్‌కి మెసేజ్ పెట్టి కొన్ని అడగండి. పార్కింగ్ నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లు? కింది అంతస్తులో పడకగది, బాత్రూమ్ ఉన్నాయా? మామూలు కారు ఆ ఎత్తు ఎక్కుతుందా, ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా? మొబైల్ సిగ్నల్ వస్తుందా, లేకపోతే వైఫై కాలింగ్ పనిచేస్తుందా? ఆ చివరి ప్రశ్న మీ అత్తమామల కోసం, ఒంట్లో బాగోలేకపోతే ఫోన్ కలవాలి కదా. వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకమా (ఒక్కో వైద్యానికి ఇంతే అని పరిమితి ఉండేది), కాంప్రిహెన్సివ్ రకమా (పాలసీ పరిమితి దాకా ఖర్చులో ఎక్కువ భాగం ఇచ్చేది) ఈ రాత్రే చూడండి. మావయ్యగారికి బీపీయో షుగరో ఉంటే, ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరినప్పుడు ఎంతవరకు ఇస్తారో, అంబులెన్సుకి ఎంత ఇస్తారో ఆ పాలసీలో వెతకండి. ఫిక్స్‌డ్ రకమైతే, కాంప్రిహెన్సివ్‌కి మారడానికి ఎంతవుతుందో కనుక్కుని ఆ తేడాని కూడా ఈ ట్రిప్పు ఖర్చులోనే వేసుకోండి.